ఎనిమిది గ్లాసుల పళ్ళెం

మెహరున్నీసా లెక్క తప్పింది. తప్పింది ఒకటీ రెండూ కాదు, ఆరువందల ఎనభై ఎనిమిది పేర్లు.

పెన్న ఒడ్డున ఉన్న ఆ చిన్న దర్గాలో తొంభై ఏళ్ల రిజిస్టర్లు ఉన్నాయి. దువా కోరి వచ్చిన ప్రతి మనిషి పేరూ వాటిలో ఉంది. కాగితాలకు చెద పడుతోందని, రిజిస్టర్లను నగరంలోని ఓ కంపెనీకి పంపి కంప్యూటర్‌లోకి ఎక్కించాలని దర్గా కమిటీ అనుకుంది. వెళ్లినవి ఎప్పుడు తిరిగొస్తాయో ఎవరూ చెప్పలేదు. ఆ పని తాను ఇక్కడే చేస్తానని మెహరున్నీసా అడ్డుపడింది. కంప్యూటర్ డిప్లొమా చదివి, దర్గా గురువు బుడన్ షా బాబా దగ్గర శిష్యరికానికి చేరిన మనిషి. మూడేళ్లు కూర్చుని పేర్లన్నీ టైపు చేసింది.

ఇవాళ పరీక్ష. కమిటీ పెద్ద గౌస్ మొహిద్దీన్ రిటైరైన హెడ్మాస్టరు. ఆయన రిజిస్టర్లలోని పేర్లను చేత్తో లెక్కపెట్టి ఉంచారు. నలభై ఒక్క వేల మూడువందల పన్నెండు. కంప్యూటర్ కూడా అదే చెప్పాలి. చెప్పకపోతే మధ్యాహ్నం నమాజు కాగానే రిజిస్టర్లు వ్యాను ఎక్కుతాయి. వ్యాను అప్పటికే గేటు దగ్గర ఉంది.

మొదట్లో ఆమె ప్రోగ్రాం ఫైల్లోంచి ఒక్కో పేరే తెచ్చేది. ఆ పాత కంప్యూటర్ ప్రతి పేరుకీ డిస్కు దాకా వెళ్లి రావాలి. జాబితా ముగిసేసరికి ముప్పావుగంట పట్టేది. కిందటి వారం బఫర్ పెట్టింది. అంటే మెమరీలో వెయ్యి పేర్లు పట్టే చోటు. అందులోకి ఒక్క విడతకి వెయ్యేసి తెచ్చుకుని, అక్కడినుంచి పంచడం. జాబితా నిమిషంలో అయిపోయింది.

ఆ రోజు బాబాకే పాఠం చెప్పింది. "చాయ్ ఒక్కో గ్లాసూ మోసుకొస్తామా బాబా? పళ్ళెంలో తెస్తాం. ఇదీ అంతే."

బాబా బుద్ధిగా విన్నారు. "పళ్ళెం సంగతి నీకు బాగా తెలిసిందన్నమాట" అన్నారు.

ఇవాళ అందరి ముందూ నడిపితే స్క్రీను మీద నలభై రెండు వేలు అని వచ్చింది. అంత గుండ్రటి అంకె చూసి క్షణంపాటు ఆమెకు ముచ్చటేసింది కూడా. హెడ్మాస్టరు తన కాగితం చూసుకున్నారు.

"నీ పెట్టెలో జనం పుడుతున్నారా, అమ్మాయ్?"

వరండా అంతా నవ్వింది. ఆమె జాబితా చివరికి వెళ్లి చూసింది. కొన్ని పేర్లు రెండోసారి వచ్చాయి. ఫైలు తెరిచి వెతికితే అవే పేర్లు ఒక్కసారే ఉన్నాయి. మళ్లీ నడిపింది. మళ్లీ నలభై రెండు వేలు. రిజిస్టర్లు ఎక్కించమంటారా అని డ్రైవరు అడిగాడు.

ఆమె వంటగదిలో ఉన్న బాబా దగ్గరికి వెళ్లింది. "లోపల ఒక్కసారే ఉన్నాయి బాబా. బయటికి రెండుసార్లు వస్తున్నాయి. అదీ చివర్లోనే."

బాబా చాయ్ గిన్నె పొయ్యి మీంచి దించారు. పెద్దమనుషుల గొంతులు ఎండుతున్నాయని, ఇవాళ చాయ్ తానే ఇస్తానని, ఆమెను వెళ్లి కూర్చోమని అన్నారు.

వరండాలో చాయ్ ఇవ్వాల్సింది పందొమ్మిది మందికి. పళ్ళేనికి ఎనిమిది గ్లాసులు పడతాయి. మొదటి విడత ఎనిమిది ఇచ్చారు. ఖాళీలు తీసుకెళ్లి, కడిగి నింపి, రెండో విడత మరో ఎనిమిది. అవీ ఖాళీ అయి పళ్ళెంలోకి తిరిగొచ్చాయి. ఇక మిగిలింది ముగ్గురు. బాబా మూడు గ్లాసులే కడిగి నింపారు. తాగేసిన ఐదింటినీ పళ్ళెంలో అలాగే ఉంచి తెచ్చారు.

ముగ్గురికీ చాయ్ అందింది. బాబా ఆగలేదు. మిగిలిన ఐదు గ్లాసులూ పంచుకుంటూ పోయారు. ఒకటి డ్రైవరు చేతిలో పెట్టారు. ఒకటి హెడ్మాస్టరు చేతిలో పెట్టారు.

హెడ్మాస్టరు గ్లాసులోకి చూశారు. అడుగున కాస్త చాయ్ పొడి ఉంది.

"హజ్రత్, ఇది ఎవరో తాగేసిన గ్లాసు."

"పళ్ళెంలో ఉంది కదా సార్."

"ఉంటే ఇచ్చేయడమేనా? ఈసారి ఎన్నింట్లో పోశారో చూసుకోవద్దా?"

బాబా మెహరున్నీసా వైపు చూడను కూడా లేదు. ఆమె అప్పటికే లేచి నిలబడింది. చివరి విడతలో ఫైలు ఇచ్చింది మూడువందల పన్నెండు పేర్లు. తన ప్రోగ్రాం పంచింది వెయ్యి, బఫర్‌లో మిగిలిపోయిన పాత విడత పేర్లతో కలిపి.

కుర్చీ లాక్కుని, ఫైలు ఎన్ని పేర్లిస్తే అన్నే పంచేలా ఒక్క లైను మార్చింది.

నలభై ఒక్క వేల మూడువందల పన్నెండు.

హెడ్మాస్టరు ఇంకో రెండుసార్లు నడిపించారు. చివరి పేజీలోని పేర్లు వేలు పెట్టి ఒక్కొక్కటే చదువుకున్నారు. తర్వాత గేటు దాకా తానే నడిచివెళ్లి, వ్యాను ఖాళీగా వెళ్లిపోవచ్చని చెప్పారు. తిరిగొచ్చి రిజిస్టర్ల బీరువా తాళంచెవి మెహరున్నీసా చేతిలో పెట్టారు. జనం చప్పట్లు కొట్టి నమాజుకు కదిలారు.

నమాజు అయ్యాక వరండాలో హెడ్మాస్టరూ బాబా మాత్రమే మిగిలారు. మెహరున్నీసా చాయ్ తెచ్చింది. పెద్ద పళ్ళెంలో మూడే గ్లాసులు, నిండుగా.

"ఎనిమిది పట్టే పళ్ళెంలో మూడేనా?" అన్నారు హెడ్మాస్టరు.

"ఇప్పుడున్నది ముగ్గురమే కదా సార్" అంది ఆమె.

బాబా తన గ్లాసు అందుకున్నారు.