పేరిందేవమ్మ రాగి బాయిలరు

ఏమే బుడ్డిదానా, ఐసుముక్కల్లాంటి ఆ కాళ్ళు నా పొట్టకి ఆనించకే! ఇలా నా పాదాల మీద పెట్టు. ఊఁ, అదీ. పొద్దున గీజరు బాగుచేసినాయన కింది గొట్టం విప్పితే తెల్లతెల్లగా పెచ్చులు రాలాయి చూశావుగా, ఆ పెచ్చుల కథే చెబుతాను. ఊ కొట్టు మరి. కొట్టకపోతే ఆపేస్తా.

అనగనగా సున్నపురాళ్ళ నేల మీద ఒక ఊరు. ఆ ఊరి బావి నీళ్ళలో పప్పు ఉడికి చచ్చేది కాదు. ఆ ఊళ్ళో పేరిందేవమ్మ అని ఒకావిడ. ఆవిడకి మొగుడికన్నా ముద్దైనది ఒకటుండేది, రాగి బాయిలరు. మధ్య గొట్టంలో నిప్పు, చుట్టూ నీళ్ళు. పైన చెంబుడు చన్నీళ్ళు పోస్తే, పక్కనున్న కొమ్ములోంచి చెంబుడు వేన్నీళ్ళు వచ్చేవి.

వాళ్ళత్తగారు పోతూ పోతూ చెయ్యి పట్టుకుని, "బాయిలరు ఖాళీ కానివ్వకే" అని చెప్పిందిట. అంతే, పదిహేనేళ్ళపాటు ఒక్క పూట ఖాళీ కానివ్వలేదు. ప్రతి దసరాకీ బయటంతా చింతపండుతో తళతళా తోమి, పసుపు రాసి, బొట్లు పెట్టి దణ్ణం పెట్టేది. లోపలేముందో చూసిన పాపాన పోలేదు.

ఆ తర్వాత కూతురు రాజ్యలక్ష్మి పురిటికొచ్చింది. శ్రావణమాసం, ఒకటే ముసురు. నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టేసింది. ఎంతుందనుకున్నావ్? దోసిట్లో పట్టేంత. ఏడవడానికి కూడా ఓపిక లేదు పిచ్చితల్లికి. వాగు పొంగింది, పట్నం డాక్టరు దగ్గరికి దారి లేదు.

అప్పుడు నాంచారమ్మ వచ్చింది. ఊళ్ళో పురుళ్ళు పోసేదీ, పసిబిడ్డలకి లాలపోసేదీ ఆవిడే. పిల్ల అరికాళ్ళు పట్టుకు చూసి, "పెద్దమ్మగారూ, వెచ్చగా ఉంచితే ఈ బిడ్డ బతికిద్ది. సీసాల్లో వేన్నీళ్ళు పోసి, గుడ్డలు చుట్టి, చుట్టూతా పెట్టాల. వేన్నీళ్ళు మాత్రం ఆగకూడదు" అంది.

బాయిలరు ఉండగా వేన్నీళ్ళకేం కొదవ అనుకుంది పేరిందేవమ్మ. తీరా చూస్తే, ఎంత మంట పెట్టినా నీళ్ళు గోరువెచ్చన దాటవే! పైగా లోపల డబడబమని ఒకటే చప్పుడు.

ముందు, కట్టెలు తడిశాయేమోనని అటక మీది ఎండు తుమ్మకట్టెలు దించి వేసింది. ఊహూఁ. అప్పుడు, ఎవరి కళ్ళు పడ్డాయోనని ఎండుమిరపకాయలు తిప్పి దిష్టి తీసింది. దగ్గొచ్చింది గానీ వేడి రాలేదు. ఆ తర్వాత ఏడుస్తూ కూర్చుని, చింతపండు పెట్టి బయటంతా మళ్ళీ తోమింది. బంగారంలా మెరిసింది, నీళ్ళు మాత్రం అలాగే ఏడిశాయి.

వంటపొయ్యి మీద గిన్నెలో కాస్తుంటే, ఒక సీసా నిండేలోపు ఇంకోటి చల్లారిపోతోంది. పిల్ల పాదాలు నీలంగా మారాయి.

నాంచారమ్మ బాయిలరు పొట్ట మీద వేలితో కొట్టి చూసింది. పైన ఠంగుమంది. కింద దబ్బుమంది.

"దీని పొట్టలో సున్నం గట్టిపడిపోయిందమ్మా. ఖాళీ చేసి కడగాల."

"అమ్మో! అత్తగారికి మాటిచ్చానే!"

"పోయినావిడకి ఇచ్చిన మాట పెద్దదా, ఉన్న మనవరాలు పెద్దదా?"

పేరిందేవమ్మ గదిలోకి చూసింది. పిల్ల కదలడం లేదు. "అత్తా, తిడితే నన్ను తిట్టు, పసిదాని జోలికి రాకు" అని గొట్టంలో మంట ఆర్పేసింది.

అందాకా వెచ్చగా ఉండాలని రాజ్యలక్ష్మి పిల్లని ఒంటికి హత్తుకుని దుప్పటి కప్పుకుంది. రాగి చల్లారాక కింది బిరడా లాగారు. చుక్క రాలేదు. ఇనప చువ్వతో పొడిచారు. అప్పుడు బురదొచ్చింది. ఆ తర్వాత గుడ్డుపెంకుల్లాంటి పెచ్చులొచ్చాయి. చింతపండు పులుసు కాచి పోసి, నానబెట్టి, ఊపి ఊపి కడిగితే మూడు చేటల సున్నం, తల్లీ, మూడు చేటలు!

పేరిందేవమ్మ ఆత్రం కొద్దీ నిప్పులు తెచ్చి గొట్టంలో వెయ్యబోయింది. నాంచారమ్మ గభాల్న చెయ్యి పట్టుకుంది. "నీళ్ళు పోయకుండా నిప్పా! అతుకులు కరిగిపోతయ్యి!"

అప్పుడు వెలిగింది ఆవిడకి. నిప్పుండగా ఖాళీ కానివ్వకే అని కదా ఆ మహాతల్లి మాటకి అర్థం! ఈవిడేమో సగం మాట పట్టుకుని పదిహేనేళ్ళు పూజ చేసింది. "నా తెలివి తెల్లారినట్టే ఉంది" అని నెత్తి కొట్టుకుంది.

నీళ్ళు నింపి నాలుగు కట్టెలు వేశారో లేదో, కొమ్ములోంచి పొగలు కక్కుతూ వేన్నీళ్ళొచ్చాయి! సీసా తర్వాత సీసా నింపారు. మర్నాటికి పాదాలు ఎర్రబడ్డాయి. మూడో నాటికి పిల్ల ఏడ్చింది చూడూ, ఇంటికప్పు లేచిపోయేలా.

ఇరవయ్యొకటో రోజున నాంచారమ్మకి చీర పెట్టారు. తీసుకుని వెళ్ళబోతుంటే పేరిందేవమ్మ ఆపి, పీట వేసింది. "కూర్చో."

"నేనా? మీ పీట మీదా?"

"కూర్చోవే తల్లీ. నా ఇంటి దీపం నిలబెట్టావు. నీ రుణం ఎలా తీర్చుకోను?"

తలకి నువ్వులనూనె అంటి, కుంకుడుకాయ రసంతో రుద్ది, చెంబులు చెంబులుగా వేన్నీళ్ళు తనే పోసింది. నాంచారమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. "నలభయ్యేళ్ళుగా ఊరందరికీ నీళ్ళు పోశానమ్మా. మాయమ్మ పోయాక నాకెవరూ పోయలా."

ఇక ప్రతి దసరాకీ ముందు బాయిలరు పొట్ట కడగడం, ఆపైనే బొట్టు. మొదటి వేన్నీళ్ళు నాంచారమ్మకే.

ఆ నీలం పాదాల పిల్ల ఏమైందా? ఏమవుతుందే పిచ్చిమొహమా! ఇందాకట్నుంచీ నీ కాళ్ళు దాని పాదాల మీదేగా ఉన్నాయి. వెచ్చగా లేవూ?

బూడిద పాదుకి, సున్నం చేనుకి,
వేన్నీళ్ళు వీపుకి, కునుకు కంటికి,
కథేమో కంచికి, మనమేమో పక్కకి!