రాజుగారి ప్రెజెంట్ పర్ఫెక్టు

ఒకానొక సంస్థానం ఉండేది. పేరు మాత్రం చెప్పను, చెబితే అక్కడివాళ్ళు ఇప్పటికీ నొచ్చుకుంటారు. దాన్ని ఏలేది వీరజగన్నాథ భూపతి. మీసం మూరెడు, కోపం బారెడు. "భూపతుల నోట అబద్ధం రాదు" అనేది ఆ వంశంలో తాతల నాటి కట్టుబాటు. రాజు కొలువులో ఒక మాట అన్నాడంటే అది నిజం కావలసిందే. కాకపోతే చేయించడానికి ముసలి దివానుగారు చేతికర్రతో పక్కనే ఉండేవాడు.

ఒక వేసవిలో కలెక్టరు దొర వస్తున్నాడని కబురొచ్చింది. ఆ దొర ఏ సంస్థానానికి వెళ్ళినా రాజును "జనానికి ఏం చేశారు?" అని అడుగుతాడు. పక్క సంస్థానం రాజు "ఐ హావ్ డగ్ ఎ కెనాల్" అని, అంటే కాలువ తవ్వించేశానని, ఇంగ్లీషులో చెప్పి దొర చేత భుజం తట్టించుకున్నాడట. అది విన్నప్పటి నుంచి మన రాజుగారికి అన్నం సయించలేదు.

దుబాసీ సోమలింగాన్ని పిలిపించాడు. సోమలింగం దొరల బంగళాలో వంటవాడి దగ్గర ఇంగ్లీషు నేర్చుకున్న మనిషి.

"ఏమోయ్, ఆ 'హావ్' ఏమిటి?"

"దాన్ని ప్రెజెంట్ పర్ఫెక్టు అంటారు మహాప్రభూ. పని అయిపోయి, దాని ఫలం ఇప్పుడు కళ్ళెదుట ఉంటే అనే మాట. అంచేత ముందు పని అర్థం చేసుకుని..."

"అర్థం నీ పని. గాంభీర్యం నా పని. నువ్వు వాక్యాలు ఇవ్వు, నేను పలుకుతాను."

ఆ మర్నాటి నుంచి రాజుగారు తోటలో పచార్లు చేస్తూ "ఐ హావ్, యూ హావ్, హీ హాజ్" అని గొంతెత్తి వల్లించడం మొదలెట్టాడు. ఊరికంతటికీ ఉన్న ఒక్క మంచినీళ్ళ బావి ఆ తోటలోనే ఉంది. నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళు విన్నారు. నవ్వు ఆపుకుందామనుకున్నారు గానీ, ఆగలేదు.

రాజుగారికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఊరివైపున్న తోట తలుపుకు తాళం వేయించి, నిండు కొలువులో, "నా చేత్తో నేను తెరిస్తే తప్ప ఆ తలుపు ఇంక తెరుచుకోదు" అన్నాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

అన్నాక ఇంకేముంది? రోహిణీ కార్తె ఎండలో ఆడవాళ్ళంతా కోసు దూరంలో ఉన్న ఏటికి నడవాల్సి వచ్చింది. సోమలింగం భార్య సన్యాసమ్మ అరికాళ్ళు బొబ్బలెక్కాయి.

"ఆ బాబుకి మాటలు నేర్పింది నువ్వే గదా. ఆ తలుపు తెరిపించే మాట ఒకటి నేర్పలేవా?" అంది, కాళ్ళకు వెన్న రాసుకుంటూ. సోమలింగం ఆ రాత్రి తన ఇంగ్లీషు పుస్తకం ముందేసుకు కూర్చున్నాడు.

మర్నాడు రాజుగారు కొలువులో మొదటి వాక్యం పలికాడు. పుస్తకంలో ఉన్నదే. "ఐ హావ్ ఈటెన్ టెన్ మేంగోస్!"

కొలువంతా భళీ అంది. దివాను అర్థం అడిగాడు.

"ఏలినవారు పది మామిడిపళ్ళు ఆరగించేశారట" అన్నాడు దుబాసీ.

"ఎప్పుడు? పొద్దుటి నుంచి మజ్జిగ తప్ప తాగలేదే. ఎవర్రా అక్కడ, పళ్ళు పట్రండి. భూపతుల నోట అబద్ధం రాదు" అన్నాడు దివాను.

ఆరు పళ్ళు హాయిగానే దిగాయి. ఏడోది బలవంతాన దిగింది. పదోదానికి రాజుగారు కళ్ళు తేలేశాడు.

సోమలింగం ఇదంతా చూశాడు. ఎందుకైనా మంచిదని మర్నాడు ఇంకోసారి పరీక్షించాడు. "ఐ హావ్ వాష్డ్ మై హార్స్" అని పలికిన రాజుగారు, మధ్యాహ్నం దాకా స్వయంగా గుర్రాన్ని కడిగాడు. అది తోకతో ఆయన మీసాన్ని రెండుసార్లు తుడిచింది.

"ఓరి నీ ఇంగ్లీషు తగలెయ్య, రేపు దొర ముందు చెప్పే వాక్యంలో తిండి ఉండకూడదు, జంతువు ఉండకూడదు" అన్నాడు రాజు.

"చిత్తం. రెండూ లేవు. ఈ వాక్యం తమ వంశంలో ఇంతవరకు ఎవరూ పలకలేదు."

"అలాంటిదే కావాలి" అని పొంగిపోయాడు రాజు. అర్థం అడగడానికి మాత్రం నామోషీ. సోమలింగం ఇంటికెళ్ళి, "రేపు ఏటికి పోకు. అందరినీ తీసుకుని తోట తలుపు దగ్గర నిలబడు" అని పెళ్ళానికి చెప్పాడు.

దొర వచ్చాడు, కూర్చున్నాడు, అడగవలసింది అడిగాడు. రాజుగారు మీసం దువ్వి, "ఐ హావ్ ఓపెన్డ్ మై గార్డెన్ గేట్ ఫర్ ది విమెన్" అన్నాడు.

దొర ముఖం విప్పారింది. వచ్చీరాని తెలుగులో, "చాలా మంచిది. నేను చూచెదను, పదండి" అని లేచాడు.

"ప్రభువులు ఏమన్నారోయ్?" అన్నాడు దివాను.

"మహాప్రభువులు తోట తలుపు ఆడవాళ్ళ కోసం తెరిచేశారట. దొరగారు చూస్తారట."

రాజుగారి చెయ్యి మొలతాడు మీదికి పోయింది. దివాను కర్ర నేలకేసి కొట్టి, "తెరిస్తే మీ చేత్తోనే తెరవాలి బాబూ, అదీ మీ మాటే. పరిగెత్తండి" అని చెవిలో అన్నాడు.

రాజుగారు పంచె ఎగగట్టి పక్క గుమ్మంలోంచి పరుగు తీశాడు. దొరను సోమలింగం తీసుకొచ్చాడు, తోటలో ప్రతి మామిడిచెట్టు దగ్గరా ఆగి దాని పేరు, రుచి, కాపు చెబుతూ. వాళ్ళు వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. ఆడవాళ్ళు నీళ్ళు తోడుకుంటున్నారు. రాజుగారు చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. ఈసారి ఒక్కరూ నవ్వలేదు. ఒక ముసలమ్మ ఆయనకు దోసిట్లో నీళ్ళు పోసింది. దొర భుజం తట్టాడు, రెండుసార్లు.

దొర బండి వెళ్ళాక రాజుగారు దుబాసీ వైపు తిరిగాడు. "నన్నింత పరుగెత్తించావు. నిన్ను శిక్షించకుండా వదుల్తానా?"

"ఆ మాట ప్రెజెంట్ పర్ఫెక్టులో అనండి ప్రభూ. 'శిక్షించేశాను' అంటే చాలు. తమ నోట అబద్ధం రాదు గనక నాకు శిక్ష అయిపోయినట్టే. ఇంటికెళ్ళి భోంచేస్తాను."

రాజుగారు ఒక్క క్షణం మిడిగుడ్లేసుకుని చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. భుజం మీది పట్టు శాలువా తీసి దుబాసీకి కప్పాడు. మొలతాడు నుంచి తాళంచెవి విప్పి సన్యాసమ్మ చేతిలో పెట్టాడు. పెట్టిన తర్వాత, తనంతట తాను ఆలోచించుకుని, నెమ్మదిగా అన్నాడు.

"ఐ హావ్ గివెన్ యూ ది కీ."

దివాను అలవాటుగా దుబాసీ వైపు చూశాడు, ప్రభువులు ఏమన్నారోయ్ అని. దుబాసీ తన భార్య వైపు చూపించాడు. సన్యాసమ్మ అప్పటికే తాళంచెవిని కొంగున ముడేసుకుని, కడవ చంకనెత్తుకుంది.