గంప అడుగున బెత్తెడు

ఓబులేసు కొట్టంలో రెండు ఎద్దులు, ఒక ముసలి ఎనుము, ఒక మేకపోతు కాపురముండేవి. ఎద్దుల్లో ఒకడు మైలోడు, ఇంకొకడు పుల్లోడు. కోడె వయసు నుంచీ ఒకే కాడి కింద మెడలు పెట్టినవాళ్లు. ఆ గేదెను చిన్నా పెద్దా అందరూ ఎనుమక్క అనేవారు. మేకపోతు పేరు గడ్డాలప్ప. మిగతా ముగ్గురినీ గుంజలకు కట్టేసేవారు గానీ గడ్డాలప్పకు తాడు లేదు. తన తెలివికి భయపడే తాడు వేయలేదని అతగాడి నమ్మకం. పారిపోయినా పెద్ద నష్టం లేదని ఓబులేసు లెక్క.

ఆ యేడు వేరుసెనగ విరగకాసింది. కాయలు కోశాక మిగిలిన వేరుసెనగ కట్టె వామి ఇంటి కప్పును మించి లేచింది. గానుగ నుంచి నూనె తీయగా మిగిలిన చెక్క బస్తాలు దిగాయి. పొలంలో పని లేదు, ఇంట్లో మేత ఉంది, మైలోడికి నోరు ఉంది. చలికాలం పోయేసరికి వాడి వీపు నులకమంచంలా చదునైంది. నీళ్లతొట్టికి పోవాలంటే వామికీ గోడకీ మధ్య సందులోంచి పోవాలి. మైలోడు రెండు డొక్కలూ రాసుకుంటూ, ఒగురుస్తూ పోయేవాడు.

"గోడ కూల్తాదిరా, పైలం" అనేవాడు పుల్లోడు.

మైలోడు నవ్వేవాడు. నవ్వుతూనే దారిలో వామి నుంచి ఒక బుక్క లాగేవాడు.

ఉగాది దాటాక ఒక మంచి వాన పడింది. ఓబులేసు వేసవి దుక్కికని ఇద్దరికీ కాడి వేశాడు. పుల్లోడు మామూలుగా నడిచాడు. మైలోడు చేను సగం తిరక్కముందే నోట నురగ కక్కి, సాలు మధ్యలో కూలబడ్డాడు. ఓబులేసు చెర్నాకోల ఎత్తాడు, వాడి కళ్లు చూసి దించేశాడు. ఇంటికొచ్చాక మాత్రం భార్య సుంకమ్మతో గట్టిగానే అన్నాడు.

"ఆరుద్ర కార్తెకు విత్తనం వేయల్ల. అప్పుడు కూడా ఇట్లే కూలబడితే వీన్ని సంతకు తోలేస్తా. పుల్లోనికి ఇంకో జోడు చూసుకుందాం."

ఆ మాట కొట్టంలో అందరి చెవినా పడింది. పుల్లోడు ఆ పూట మేత ముట్టలేదు.

"నా పక్కన ఎవడో కొత్తోడు నడుస్తాడంట. వాడు ఉరుకుతాడో, ఈడుస్తాడో ఎవునికి తెలుసు? నాకు నీ అడుగే తెలుసురా" అన్నాడు.

సంతకు పోయిన ఎద్దు అక్కడి నుంచి ఎటు పోతుందో తిరిగొచ్చి చెప్పినవాడు లేడు. మైలోడికి నిజంగా భయం వేసింది. అంత భయంలోనూ ఆకలి వేసింది, దాంతో తన మీద తనకే అసహ్యం పుట్టింది.

ఇట్లాంటి సమయాలు గడ్డాలప్పకు బాగా వాసన తగుల్తాయి. గడ్డం ఊపుకుంటూ వచ్చాడు.

"ఏమప్పా మైలప్పా, మొగం వేలాడేసినావు?"

"విన్లేదా? సంతంట."

"దానికింత దిగులా? తింటే లావైతివి, తినకుంటే సన్నమైతావు. పాలు తాగే మేకపిల్లను అడిగినా చెప్తాది."

"అయితే కొంచెం తగ్గించమంటావా?"

"తగ్గించేది పిరికోళ్లు. నువ్వు మొత్తం మానెయ్! నెల తిరక్కముందే కోడెదూడవైపోతావు."

"ఎదురుగా గంప పెట్టుకుని మానేదెట్లప్పా?"

గడ్డాలప్ప పెద్ద త్యాగానికి సిద్ధపడినవాడిలా నిట్టూర్చాడు. "ఆ కష్టం నేను పడతాలే. గంప నీ కంటికి కనపడకుండా ఖాళీ చేసే పూచీ నాది."

"అంతా తింటే నీకు కడుపు నొస్తాదేమో!"

"స్నేహితుని కోసం కడుపు చూసుకుంటారా ఎవరన్నా?"

మైలోడి కళ్లు చెమర్చాయి. పాపం, వాడికి బరువే ఎక్కువ గానీ కపటం లేదు.

మొదటి రోజు బ్రహ్మాండంగా గడిచింది. ఆకలిని చూసి గర్వపడ్డాడు కూడా. రెండో రోజు కాళ్లు వణికాయి, పుల్లోడు నెమరు వేస్తుంటే ఆ చప్పుడు విని కోపం వచ్చింది. ఆ మర్నాటి మధ్యాహ్నం సుంకమ్మ నీళ్లకని పలుపు విప్పి, పొయ్యి మీద ఎసరు పొంగుతోందని లోపలికి పరిగెత్తింది. మైలోడు తొట్టి వైపు పోలేదు. పంచలో చెక్క బస్తా మూతి తెరిచి ఉంది. తల లోపలికి దూర్చాడు. మళ్లీ తల పైకెత్తేసరికి బస్తా సగానికి దిగిపోయింది, వాడి ఎడమ డొక్క డోలులా బిగిసింది. ఓబులేసు వెదురుగొట్టంతో ఆముదం పట్టించి, సాయంత్రం దాకా వాకిట్లో తిప్పుతూనే ఉన్నాడు. సుంకమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

డొక్క దిగాక గడ్డాలప్ప పరామర్శకు వచ్చాడు.

"చూసినావా? నీ పట్టుదల చాల్లేదు. తప్పు మేతది కాదు, నీది. మళ్ల మొదలుపెట్టు."

మైలోడు సిగ్గుపడి మళ్లీ మొదలుపెట్టాడు. కొన్ని పూటలు కడుపు మాడ్చుకోవడం, ఆ తర్వాత వామి మీదో కుడితి తొట్టి మీదో పడి మింగడం, సిగ్గుతో మళ్లీ మాడ్చుకోవడం. ఎండలు ముదిరేనాటికి వాడి పొట్ట పొట్టలాగే ఉంది, తొడలు మాత్రం జారిపోయాయి. సందులో డొక్కలు రాసుకోవడం మానలేదు. లాభపడిందల్లా గడ్డాలప్ప వీపు. నూనె పూసినట్టు నిగనిగలాడుతోంది.

పుల్లోడికి ఓపిక అయిపోయింది. "ఎనుమక్కా, నువ్వన్నా చెప్పు. వీడు సంతకు పోకముందే చస్తాడు."

ఎనుమక్క అడగనిదే సలహా చెప్పే రకం కాదు. నోట్లోది మింగి మైలోడి వైపు తిరిగింది.

"రోజూ ఏం తింటావురా నువ్వు?"

"ఇప్పుడైతే ఏమీ తినను."

"మాడిన పూటల సంగతి అడగలేదు. లావైనప్పుడు ఏం తింటాంటివి?"

"పొద్దున ఒక గంప, సాయంత్రం ఒక గంప. అందరికీ పెట్టినంతే అక్కా."

"కుడితి?"

"అది తాగేది కదా, తినేది కాదే!"

"చెక్క?"

"అది కుడితిలోనే నానేస్తారు."

"నీళ్లకు పోతా వస్తా వామిలో లాగే బుక్కలు? సుంకమ్మ వేసే అరటితొక్కలు? పుల్లోడు గంపలో మిగిల్చింది ఎవరు నాకుతాండారు?"

మైలోడు తోక ఊపడం మర్చిపోయాడు. ఇంతకాలం గంపలో ఉన్నదొక్కటే మేత అనుకున్నాడు వాడు. నడుస్తూ తిన్నది, తాగింది, పక్కవాడిది ఏదీ వాడి లెక్కలోకి రాలేదు.

"మొత్తం కలిపితే మూడో గంప అయితాదేమో అక్కా" అన్నాడు మెల్లగా.

"అయితాది. ఇప్పుడు విను. పడుకుని ఊపిరి తీసేదానికే ఒంటికి కొంత మేత కావల్ల. లేచి నిలబడేదానికి ఇంకొంచెం. నడిస్తే ఇంకొంచెం. నువ్వు అంతకు మించి తింటివి, మించిందంతా వీపు మీద చేరె. ఆ మేకపోతు మాట విని అసలుకే ఎసరు పెడితివి. అప్పుడు ఒళ్లు కొవ్వుతో పాటు కాళ్లలో కండ కూడా తింటాది. ఇంక ఆకలి ఊరుకుంటాదా? నిన్ను చెక్క బస్తాలోకి తోలె."

"అయితే ఎంత తినమంటావు?"

"ముందు ఆ మూడో గంప మానెయ్. వామిని చూడొద్దు, పుల్లోని గంప నాకొద్దు. నీ గంపలో అడుగున బెత్తెడు మేత వదిలిపెట్టు. అంతే."

"బెత్తెడేనా!" మైలోడికి అవమానంగా అనిపించింది. "సగం గంప వదిలేస్తా అక్కా. ఆరుద్ర దగ్గర పడ్తాంది."

"సగం వదిలితే ఈ పొద్దు ఉంటావు. రేపు ఉంటావా? ఎల్లుండి? విత్తనం వేసేదాకా ఉంటావా?"

మైలోడు ఆలోచించాడు. చెక్క బస్తా గుర్తొచ్చింది. "ఉండలేను."

"బెత్తెడు వదిలితే?"

"అది… ఉండొచ్చు."

"అదే నీ కొలత. ఆకలి కొంచెం ఉంటాది, ఉండనీ. నిన్ను తోలకుండా ఉంటే చాలు."

మర్నాటి నుంచి మైలోడు గంప అడుగున బెత్తెడు వదలడం మొదలుపెట్టాడు. మొదట్లో చాలా కష్టపడ్డాడు, దాచేదేముంది. ఆ బెత్తెడు మేతే లోకంలోకెల్లా రుచైందనిపించేది. నీళ్లకు పోయేటప్పుడు వామి దగ్గర ఆగనివ్వకుండా పుల్లోడు వెనక నుంచి కొమ్ములతో నెట్టేవాడు. ఓబులేసు ఎరువు బండికి కడితే ఇదివరకులా మొరాయించకుండా మైలోడు తనంతట తనే మెడ వంచేవాడు.

గడ్డాలప్పకు ఇది బొత్తిగా నచ్చలేదు. గంపలో ఇప్పుడు బెత్తెడే మిగులుతోంది, అందులోనూ కోళ్లు పంచుకుంటున్నాయి.

"ఇట్లా నాకుతా కూర్చుంటే ఎప్పుడు తగ్గుతావప్పా? నత్తలు కూడా నవ్వుతాయి."

"నవ్వనీలే" అన్నాడు మైలోడు, నమలడం ఆపకుండా.

మధ్యలో ఒకరోజు సుంకమ్మ ఇంటికి చుట్టాలొస్తే, విస్తళ్లూ తొక్కలూ అన్నం గంజీ అన్నీ మైలోడి ముందే కుమ్మరించారు. వాడు కళ్లు మూసుకుని మొత్తం ఊడ్చేశాడు. సాయంత్రానికి ఏడుపు మొహంతో ఎనుమక్క దగ్గర చేరాడు.

"అంతా చెడగొట్టుకుంటి అక్కా. రేపు మొత్తం మాడి సరిచేస్తా."

"ఈ పొద్దు తిన్నది ఈ పొద్దుతోనే పాయె అనుకో. రేపు మళ్ల అదే బెత్తెడు. తక్కువా వద్దు, ఎక్కువా వద్దు. మాడినావంటే మళ్ల బస్తా దగ్గర తేల్తావు."

వాడు మాట విన్నాడు. కొన్నాళ్లకు సందులో ఒక డొక్కే గోడకు తగిలింది. ఇంకొన్నాళ్లకు రెండోదీ తగల్లేదు. ఆ రోజు మైలోడు అవసరం లేకపోయినా రెండుసార్లు నీళ్లకు పోయొచ్చాడు.

ఆరుద్ర వచ్చింది, వానా వచ్చింది. ఓబులేసు కాడి వేసి విత్తనం వేసే గొర్రు కట్టాడు. ఎనుమక్క ముందే చెప్పింది, పని రోజుల్లో బెత్తెడు వదలొద్దు, ఒళ్లు అడుగుతాది, గంప మొత్తం తినమని. మైలోడు తిన్నాడు, లాగాడు. చేను ఈ గట్టు నుంచి ఆ గట్టుకు, మళ్లీ వెనక్కి, పుల్లోడి అడుగులో అడుగేసి నడిచాడు. పొద్దు వాలేసరికి విత్తనమంతా నేలలో పడింది. ఓబులేసు కాడి దించి మైలోడి మూపురం మీద చెయ్యి వేశాడు.

"సుంకమ్మా, వీన్ని ఎవరికీ ఇయ్యను పో!"

పుల్లోడు మైలోడి మెడ మీద చెమటను నాకాడు. మైలోడికి అప్పుడు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

ఆ సంతోషంలో ఓబులేసు ఇంకో మాట కూడా అన్నాడు. "వానా పడె, విత్తనమూ పడె. ఈ మంగళవారం జాతరకు గంగమ్మకు ఒక పోతును ఇద్దాం. గడ్డాలోడు ఉండాడు కదా. పోయినేడు బక్కగా ఉండాడని వదిలేస్తిమి. ఈ యేడు చూడు ఎట్ల బలిసినాడో!"

గడ్డాలప్ప నోట్లో ఆకు నోట్లోనే ఉండిపోయింది. ఓబులేసు అక్కడికక్కడే అతడి మెడకు తాడు వేసి, మైలోడి పక్క గుంజకే కట్టాడు.

"మైలప్పా! మైలప్పా! నువ్వు తగ్గినావు కదా, నాకూ చెప్పప్పా ఆ కొలత."

"గంప అడుగున బెత్తెడు వదలల్లప్పా" అన్నాడు మైలోడు. వాడికి మేకపోతు మీద కోపం కూడా మిగల్లేదు. చాలా జాలేసింది.

"ఎన్నాళ్లు పడ్తాది?"

"నాకు ఎండాకాలమంతా పట్టె."

"మంగళవారానికి కావల్లప్పా నాకు!"

పుల్లోడు ఉండబట్టలేక అందుకున్నాడు. "అయితే మొత్తం మానెయ్. తగ్గించేది పిరికోళ్లు కదా?"

గడ్డాలప్ప నిజంగానే మానేశాడు. మొహం గోడకు తిప్పుకుని కూర్చున్నాడు. అమ్మవారికిచ్చే జీవమని సుంకమ్మ లేత అవిసాకు తెచ్చి ముందు పెట్టింది. అతడు కదల్లేదు. సాయంత్రం ఇంకో కట్ట తెచ్చి పెట్టింది. అతడి ముక్కు కదిలింది. "ఈ ఒక్క పూటే" అన్నాడు ఎవరితోనో. పొద్దుగూకేసరికి రెండు కట్టలకూ కాడలు కూడా మిగల్లేదు.

మంగళవారం ఓబులేసు బండి కట్టాడు. మైలోడు, పుల్లోడు కాడి కింద నిలబడ్డారు. మెడలో వేపమండలు కట్టి గడ్డాలప్పను బండిలోకి ఎత్తారు. ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది. గుడికి పోయే దారి ఎగువ. కొంత దూరం పోయాక వెనక నుంచి సన్నటి గొంతు వినిపించింది.

"బరువుగా ఉండానా మైలప్పా?"

మైలోడు మెడ వంచి లాగుతూనే ఉన్నాడు. అబద్ధం చెప్పడం వాడికి రాదు.

"ఉండావప్పా. నేను తినకుండా వదిలిందంతా నీ మీదే ఉండాది."

నీతి: ఒళ్లు తగ్గాలనుకునేవాడికి సరైన కొలత ఈరోజు పాటించి, రేపు కూడా పాటించగలిగినదే.