లక్క స్తంభం ఎక్కని చిక్కుడు

ఒకానొక రాజ్యంలో వంకర కర్ర కనిపిస్తే చాలు, రాజుగారికి ఒళ్ళు మండేది. ఆ రాజు పేరు ఉద్దండ మల్లభూపతి. ఆయన ఒకనాడు ఏనుగెక్కి ఊరేగుతూ, ఎత్తు మీంచి జనం పెరళ్ళలోకి తొంగి చూశాడు. చిక్కుడు పాదుల పక్కన రేగు మండలు, కంది కట్టెలు, తుమ్మ కొమ్మలు అడ్డదిడ్డంగా పాతి ఉన్నాయి. దసరాకు పొరుగు రాజు రాబోతున్నాడు. ఈ కంపంతా ఆయన కంట పడితే తన పరువేం కావాలని మల్లభూపతి ఏనుగు మీదే కూర్చుని కుమిలిపోయాడు.

పక్కనే మంత్రి భైరవయ్య ఉన్నాడు. రాజు తుమ్మితే చిరంజీవ అనడం, రాజు బాధపడితే దానికో శాసనం రాయడం ఆయన ఉద్యోగం. వెంటనే రథాలు చేసే వడ్రంగులను పిలిపించి టేకు స్తంభాలు చేయించాడు. అన్నీ ఒకే ఎత్తు, ఒకే లావు. చిత్రిక పట్టి, ఎర్ర లక్క పూసి, మొహం చూసుకునేంత నున్నగా తోమించాడు. భటులు ప్రతి పెరట్లోకీ దూరి వంకర కర్రలన్నీ పీకి కోట వంటశాలకు తోలారు. అవి పొయ్యిలోకి పోయాయి. వాటి చోట ఎర్ర స్తంభాలు లేచాయి.

చిక్కుడు తీగకు శాసనాలు తెలియవు. దానికి కావలసింది పట్టు. గరుకు బెరడు ఉండాలి, అక్కడక్కడ కణుపో చిన్న రెమ్మో ఉండాలి, చుట్టుకోవడానికి అందేంత సన్నగా ఉండాలి. లక్క స్తంభం మీద అది రెండు చుట్లు తిరిగి, నాలుగాకులు వేసి, బరువెక్కగానే జారి కింద కుప్పపడింది. శ్రావణమాసపు బురదలో పడ్డ తీగ కుళ్ళక ఏం చేస్తుంది?

జనం వెళ్ళి మొరపెట్టుకున్నారు. స్తంభం నున్నగా ఉందని ఎవరో నోరు జారారు. అంతే, మల్లభూపతి అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. రాజు పాతించిన స్తంభంలో లోపం ఉంటుందా అని సభ దద్దరిల్లేలా అరిచాడు. భైరవయ్య అక్కడికక్కడే ఇంకో శాసనం రాసేశాడు. స్తంభం ఎక్కని తీగను పెంచినవాళ్ళు రాజద్రోహులు. వాళ్ళు పెరడు ఖాళీ చేసి ఊరు దాటాలి.

ఆ ఆస్థానంలో జగ్గన అనే విదూషకుడు ఉండేవాడు. కోపం వస్తే తప్ప అతడికి చమత్కారం వచ్చేది కాదు. అలాంటి కొలువులో ఉన్నవాడికి కోపానికేం కొదవ? రోజూ వచ్చేది. సభలో జనం పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే, జగ్గన మాత్రం పళ్ళు కొరుకుతూ నిలబడేవాడు.

ఒకరోజు పొద్దున్నే అతడు ఓబుళమ్మ పెరటి దగ్గరికి వెళ్ళాడు. ఓబుళమ్మ అతడి వీధిలోనే ఉండే మనిషి. మొగుడు పోయాక రెండు చిక్కుడు పాదులు పెట్టుకుని, ఆ కాయలమ్ముకుని బతుకుతోంది. వీధి వీధంతా ఆమె కాయలే వండుకునేది. ఆ పూట ఆమె గుమ్మానికి తాటాకు కట్టి ఉంది. ఇల్లు ఖాళీ చేయమని రాజభటులు పెట్టే గుర్తు అది. ఓబుళమ్మ బురదలో కూర్చుని, పడిపోయిన తీగను చేతుల్లోకి ఎత్తుకుని, దాని ఆకులకంటిన మట్టి తుడుస్తోంది.

"ఏం చూస్తావు సామీ," అంది తలెత్తకుండానే. "స్తంభం పాతింది వాళ్ళు. జారింది తీగ. ఊరు వదిలేది నేనంట. నా చేత్తో రెండు కట్టెలు పాతుకుంటానంటే, పాతిన చెయ్యి ఉండదని చెప్పి పోయినారు. ఈ తీగ ఇంకో నాలుగు దినాలు నేల మీదుంటే చచ్చిపోతాది. ఇది పోతే నేను యాడికి పొయ్యేది?"

ఓదార్చడం జగ్గనకు చేతకాదు. ఇంటికి తిరిగి వస్తూ దారిలో ఒక్కొక్క ఎర్ర స్తంభాన్నీ చూసి పళ్ళు నూరాడు. రాజు మీద కోపం, మంత్రి మీద కోపం, ఆ రాజు ఉప్పు తింటున్నందుకు తన మీద తనకే కోపం. భార్య పెట్టిన అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేకపోయాడు. చెయ్యి కడుక్కుని తిన్నగా సభకు నడిచాడు.

సభలో మల్లభూపతి మంచి హుషారుగా ఉన్నాడు. జగ్గనను చూడగానే ఏదైనా నవ్వే మాట చెప్పమన్నాడు. జగ్గన వినయంగా చేతులు కట్టుకుని, మూడు రోజుల్లో ఉట్ల పండుగ వస్తోంది గనుక ప్రభువుల స్తంభాలకు తగిన గౌరవం చేద్దామని వచ్చానన్నాడు. ఏటా ఊరి నడుమ పాతే ఉట్లమాను ముతక దూలం. దానికి నూనె పూసి, బురద నీళ్ళు చల్లితే గాని అది జారదు. ఈసారి దాని బదులు అదే టేకుతో, అదే లక్కతో ఒక పొడుగాటి స్తంభం నిలబెడదామన్నాడు. నూనె వద్దు, నీళ్ళూ వద్దు. పొడి స్తంభమే ఎక్కాలి.

భైరవయ్య ఉబ్బితబ్బిబ్బయ్యాడు. అయితే ఒక చిక్కుందన్నాడు జగ్గన. ఎక్కలేకపోతే రాజద్రోహమని ఊళ్ళో కుర్రాళ్ళెవరూ ముందుకు రారన్నాడు. పైగా ఆ శాసనం తీగలకేనా, మనుషులకు కూడానా అని అడుగుతారన్నాడు.

మల్లభూపతి మీసం దువ్వాడు. "తీగైనా, మనిషైనా మాకొకటే. మా స్తంభం ఎక్కలేకపోతే తప్పు పెంచినవాళ్ళదే. పెంచినవాడు గుడిసెలో ఉన్నా, మేడలో ఉన్నా, ఖాళీ చేసి పోవలసిందే. ఇది మా మాట. కుర్రకుంకలు రాకపోతే పోనీ, మా మల్లులు ఎక్కుతారు."

మల్లులంటే కోటలో ఉండే వస్తాదులు. రాజు వాళ్ళను పసితనం నుంచీ పాలు, నెయ్యి పోసి సాకాడు. నా బిడ్డలు, నా బిడ్డలు అని వచ్చినవాడికల్లా చూపించి మురిసిపోయేవాడు. జగ్గన ఇంకేమీ అనకుండా దండం పెట్టి వచ్చేశాడు.

ఉట్ల పండుగ నాడు ఊరు ఊరంతా అక్కడే ఉంది. స్తంభం ఎర్రగా మెరిసిపోతోంది. దాని కొసన కొబ్బరికాయల మూట వేలాడుతోంది. మొదటి మల్లుడు తొడ చరిచి, ఎగిరి స్తంభాన్ని కావలించుకున్నాడు. నిలువెత్తు ఎక్కాడో లేదో, సర్రున జారి చతికిలబడ్డాడు. రెండోవాడు అరిచేతులకు మన్ను రాసుకుని వచ్చాడు, వాడిదీ అదే గతి. ఒకడి భుజాల మీద ఒకడు నిలబడ్డారు. అందరూ కలిసి ఒకేసారి కూలారు. పిల్లలు కేరింతలు కొట్టారు. పెద్దవాళ్ళు రాజు మొహం చూసి నవ్వు మింగారు.

ఎవరో దొంగచాటుగా నూనె పూశారని భైరవయ్య గోల పెట్టాడు. జగ్గన ఆయన భుజం మీది తెల్ల ఉత్తరీయాన్నే అడిగి తీసుకుని, స్తంభం చుట్టూ గట్టిగా తుడిచి, అందరికీ విప్పి చూపించాడు. ఉత్తరీయం మల్లెపువ్వులా తెల్లగా ఉంది. దాన్ని మడత పెట్టి మంత్రి భుజం మీదే వేసి, రాజు ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"ప్రభూ, ఈ మల్లులను పెంచింది ఎవరు?"

"మేమే," అన్నాడు మల్లభూపతి. అని, ఎందుకన్నానా అని నాలుక కరుచుకున్నాడు.

"అయితే బండి సిద్ధంగా ఉంది. ఎద్దులకు మేత వేయించాను. కోట గుమ్మానికి తాటాకు నేనే కట్టి వచ్చాను. ప్రభువులు సామాన్లు సర్దుకుంటే పొద్దుగూకేలోగా ఊరు దాటొచ్చు."

మల్లభూపతి మొహం స్తంభం కంటే ఎర్రనయింది. చెయ్యి కత్తి పిడి మీదికి పోయింది. జగ్గన వెనక్కి తగ్గలేదు. ఇన్నాళ్ళూ నవ్వుల్లో చుట్టి ఇచ్చిన కోపాన్ని ఆ క్షణంలో విప్పి ముందు పెట్టాడు.

"కోపం వచ్చిందా ప్రభూ? రావాలి. చెయ్యని తప్పుకు ఇల్లు వదలమంటే ఎవరికైనా వస్తుంది. మా వీధిలో ఓబుళమ్మకూ వచ్చింది. ఆమె చేతిలో కత్తి లేదు, అంతే తేడా. పాలూ నెయ్యీ తాగి, కాళ్ళూ చేతులూ ఉన్న మీ బిడ్డలే ఎక్కలేని స్తంభాన్ని, వేలెడు తీగ ఎక్కలేదని ఆమె గుమ్మానికి తాటాకు కట్టారు. ఈ కర్రలు ఎవరి కోసం పాతారు? తీగ కోసమా, ఏనుగు మీంచి చూసేవాళ్ళ కోసమా?"

మల్లభూపతి కత్తి దూస్తాడనే అందరూ అనుకున్నారు. ఆయన చూపు మాత్రం పక్కకు పోయింది. అక్కడ ఆయన బిడ్డలు, కొండల్లాంటి మల్లులు, వరసగా నిలబడి వెనక భాగం రుద్దుకుంటున్నారు. వాళ్ళలో అందరికంటే లావుపాటివాడు, ఇప్పుడు మనం ఎక్కడికి పోవాలి నాయనా అని బిక్కమొహం వేసుకుని అడిగాడు. రాజు ఆపుకోలేకపోయాడు. కళ్ళ వెంట నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. జనమూ నవ్వారు. భైరవయ్య కూడా, రాజు నవ్వాడు గనుక, కాస్త ఆలస్యంగా నవ్వాడు.

శాసనం రద్దయింది. రాజు తన మెడలోని పచ్చల హారం తీసి జగ్గనకు ఇవ్వబోయాడు. జగ్గన పుచ్చుకోలేదు. అతడి కోపం ఇంకా దిగలేదు. పీకించిన కర్రలు పొయ్యిలో బూడిదయ్యాయి కాబట్టి కొత్తవి ఇప్పుడే కొట్టించమన్నాడు. పాతవి ఎవరు పీకించారో వాళ్ళే వీటిని మోయాలన్నాడు. అదే తనకు బహుమానమన్నాడు.

మల్లులు కొండకు పోయి మండలు కొట్టుకొచ్చారు. భైరవయ్య నెత్తిన రేగు కంప మోపు పెట్టారు. ఆయన అడుగడుక్కీ అబ్బా అంటుంటే రాజు ఆ వెనకే నడుస్తూ పగలబడి నవ్వుతున్నాడు. ఆ ఊరేగింపు అలాగే ఓబుళమ్మ పెరట్లోకి దిగింది.

ఓబుళమ్మ లేచి నిలబడింది గాని దండం పెట్టలేదు. మోపు విప్పి ఒక్కొక్క కర్రనూ నేలకు కొట్టి చూసింది. బెండులా పలికినదాన్ని అవతల పారేసింది. బెరడు చెక్కినదాన్ని మల్లుడి చేతికే తిరిగి ఇచ్చింది. కొసన పంగ ఉన్నవి, అడుగున చేవ ఉన్నవి, వంకర పోయినా గట్టిగా ఉన్నవి ఏరి పక్కన పెట్టుకుంది. రాజు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఆ మంత్రి చెవిలో గుచ్చుకున్న ముల్లు చూడమని ఆమెకే చెప్పాడు.

"నవ్వు తర్వాత సామీ," అంది ఓబుళమ్మ. "తీగ కుళ్ళిపోతాంది. ఆ పక్కన గుంత తియ్యి."

మల్లభూపతి అటూ ఇటూ చూశాడు. అందరి చేతుల్లోనూ ముళ్ళకంపే ఉంది. జగ్గన గోడ వారనున్న పలుగు తెచ్చి రాజు చేతిలో పెట్టాడు. రాజుగారి నవ్వు ఆగింది. ఆయన పలుగెత్తి నేలలో పోట్లు వేయసాగాడు.

ఓబుళమ్మ వచ్చి గుంతలోకి తొంగి చూసింది.

"లోతు చాలదు," అంది. "ఇంకా తవ్వు."