జంబులయ్య రుచి చూసిన పండ్ల ముక్కలు

ఈ కథ చెప్పాలంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. అయినా చెబుతాను, వినండి.

కృష్ణ ఒడ్డున ఒక మామిడితోట, దాని పక్కనే మిరపకాయలు ఎండబోసే కల్లం. ఎండాకాలం వచ్చిందంటే కల్లమంతా ఎర్రగా పరుచుకుంటుంది, ఆ దారిన పోయేవాళ్ళంతా తుమ్ముకుంటూ పోతారు. ఆ తోటలో కోటయ్య అనే ఎద్దు, నాగరత్నం అనే మేక, పిచ్చెమ్మ అనే ఉడుత ఉండేవాళ్ళు. అలివేలు అనే చిలక కొత్తగా వచ్చి చేరింది. అంతకుముందు పట్నంలో ఒక పళ్ళరసాల కొట్లో పంజరంలో ఉండేదట. ఎవరో తలుపు వెయ్యడం మర్చిపోతే ఎగిరొచ్చేసింది. ఇక వీళ్ళందరి మీదా పెత్తనం చేసే నక్క ఒకడున్నాడు, జంబులయ్య.

వాడికి పెత్తనం ఎవరిచ్చారంటారా? వీళ్ళే ఇచ్చారు! నా కోపమంతా అక్కడే. పోయినేడు పురుగుమందు కొట్టిన జామకాయ తిని ఒక కుందేలు చచ్చిపోయింది. అందరూ ఏడుస్తుంటే జంబులయ్య గుండెమీద చెయ్యేసుకుని, "ఇకమీదట ఈ తోటలో ఎవరేం తిన్నా ముందు నేను రుచి చూస్తాను. మందుంటే నేనే పోతాను. మీరు చల్లగా ఉంటే నాకదే చాలు" అన్నాడు. ఎంత మంచివాడో అని అందరూ కళ్ళు తుడుచుకున్నారు. మొదట్లో ఒక్క ముక్క కొరికేవాడు. తర్వాత సగం కాయ. అడిగితే, "ఒక్క ముక్కకి మందు బయటపడదమ్మా, కడుపులో కాస్త బరువు పడాలి" అనేవాడు. ఏడాది తిరిగేసరికి వాడి పొట్ట గుమ్మడికాయంత అయింది. అడిగే దిక్కు లేదు.

ఆ ఎండల్లో నాగరత్నానికి జ్వరం వచ్చి తగ్గింది. తగ్గింది గానీ నోరు చేదు. లేతాకు పెట్టినా మొహం తిప్పేసుకునేది. తిండి లేక పాలు ఎండిపోయాయి. పిల్లలిద్దరూ పొదుగు కుమ్మి కుమ్మి ఏడుస్తున్నారు.

"వదినా, నీకు దణ్ణం పెడతాను, ఏదన్నా తినవే. నువ్వు తినకపోతే ఈ పసివాళ్ళు దక్కరు" అంది పిచ్చెమ్మ.

"ఏం పెట్టినా మట్టి నమిలినట్టుందే తల్లీ. మింగుడు పడటం లేదు."

కొమ్మ మీదనుంచి అలివేలు అంది: "మా కొట్లో నోరు చచ్చినవాళ్ళు వచ్చి అడిగేది ఒకటుందే పిన్నీ. మెక్సికో పండ్ల ముక్కలు! పుచ్చకాయ, దోరమామిడి, బొప్పాయి, కీరదోస ముక్కలు కోసి, ఉప్పూ కారం చల్లి, పైన నిమ్మకాయ పిండాలి. నాలుక లేచి కూర్చుంటుంది."

"ఓసి నీ దుంపతెగ! జామకాయల బండివాడు చేసేదీ అదేగా?" అంది పిచ్చెమ్మ.

"అదే. నాలుగు రకాలు కలిపి గాజు గిన్నెలో పెడితే మెక్సికో అంటారు. ధర కూడా అంతదూరం పోతుంది."

నాగరత్నం మొహాన సన్నగా నవ్వు కనబడింది. అది చాలు, పిచ్చెమ్మ లేచింది. కోటయ్య ఏటి ఇసుకలోంచి పుచ్చకాయ దొర్లించుకొచ్చాడు. పిచ్చెమ్మ తోటలో దోరమామిడి, బొప్పాయి, నిమ్మకాయ రాల్చి, పండ్లన్నీ ముక్కలుగా కొరికి అరిటాకులో వేసింది. కల్లంలోంచి ఒక్క ఎండుమిరపకాయ తెస్తే కోటయ్య బండమీద గిట్టతో నలిపి, చెట్టదిరేలా తుమ్మాడు. కోటయ్య మేత తినే గాటిలో ఉన్న ఉప్పుగడ్డ గీకి కలిపారు. "నిమ్మకాయ ఆఖర్న! ముందే పిండితే ముక్కలు నీరు కారిపోతాయి" అని అలివేలు పైనుంచి అరుస్తూనే ఉంది. చివరికి నిమ్మకాయ పిండగానే ఆ పులుపు వాసనకి నాగరత్నం తల ఎత్తింది. నోరు తెరిచింది.

"ఆగండి, ఆగండి! నేను రుచి చూడకుండానే?"

ఇంకెవరు, జంబులయ్యే.

"అయ్యా, జ్వరం పడి లేచిన మనిషి. ఒక్క ముక్క కొరికి ఇచ్చెయ్యండి" అంది పిచ్చెమ్మ.

"జ్వరం మనిషి కాబట్టే జాగ్రత్తగా చూడాలి" అంటూ కూర్చున్నాడు. పుచ్చముక్క రుచి చూశాడు, మామిడిముక్క రుచి చూశాడు, బొప్పాయి చూశాడు, మళ్ళీ పుచ్చకాయ దగ్గరికొచ్చాడు. అడుగున మిగిలిన రసం కూడా ఆకు నాకి చూశాడు. ఆ తర్వాత బ్రేవుమని తేన్చి, "మందు లేదు. ధైర్యంగా తినండి" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఖాళీ ఆకు ముందు పెట్టి తినమంటాడా! సిగ్గుండక్కర్లేదూ?

నాగరత్నం తల దించేసుకుంది.

"పోనీలేవే పిచ్చెమ్మా, రేపు మళ్ళీ చేద్దాం" అన్నాడు కోటయ్య.

"నీ పోనీలే పాడుగాను! అన్నిటికీ పోనీలే. ఇన్నాళ్ళూ నువ్వు పోనీలే పోనీలే అనబట్టే వాడలా బలిశాడు! అంత కొమ్ములెందుకయ్యా మావా నీకు, గోక్కోడానికా?" అని పిచ్చెమ్మ తోక నిక్కబొడుచుకుని అరిచింది.

ఇంతలో చిన్న మేకపిల్ల తడబడుతూ వచ్చి, కోటయ్య పొట్టకింద దూరి పాలకోసం వెతకటం మొదలెట్టింది. ఆకలికి దానికి అమ్మెవరో, ఎద్దెవరో తెలియలేదు. కోటయ్య కదలకుండా నిలబడ్డాడు. ఆ పిల్ల వెతికి వెతికి, దొరక్క, అక్కడే కూలబడింది. అప్పుడు కోటయ్య కళ్ళు ఎర్రబడ్డాయి.

"పిచ్చెమ్మా, ఈసారి ఒక్క మిరపకాయ కాదు. మోసుకురాగలిగినన్ని తీసుకురా."

కోటయ్య గిట్టల కింద ఆ పూట మిరపకాయలు పిండిపిండి అయిపోయాయి.

"కారం చూసి వాడు తింటాడంటారా?" అంది పిచ్చెమ్మ.

"వాడు పిరికివాడు. ముందు మనలో ఎవరినో ఒకరిని తినమంటాడు. నన్ను తినమంటే మాత్రం ఎవరూ అడ్డు చెప్పకండి" అంది అలివేలు.

"అయ్యో, చచ్చిపోతావే!"

"చూస్తుండు పిన్నీ."

రెండాకులు తయారుచేశారు. చిటికెడు కారం వేసినది గాటిలో గడ్డికింద దాచారు. మిగతా కారమంతా కుమ్మరించిన రెండోది నాగరత్నం ముందు పెట్టారు. పెట్టీ పెట్టగానే జంబులయ్య దిగాడు. ఆకులోకి తొంగిచూసి, మూతి వెనక్కి తీసుకున్నాడు.

"ఇంత ఎర్రగా ఉందేంటి?"

"పుచ్చపండు బాగా పండిందండి" అంది పిచ్చెమ్మ.

"ఊహూ. ఎందుకైనా మంచిది, ముందు మీలో ఎవరన్నా తినండి."

"రుచి చూసేవాడికే రుచి చూసేవాళ్ళు కావలసొచ్చిందా?" అన్నాడు కోటయ్య.

ఆ మాట వాడు విననట్టే నటించాడు. కోటయ్య వంక చూశాడు. అంత నోరు ఒక్కసారి తెరిస్తే ఆకుతో సహా పోతుంది, వద్దు. పిచ్చెమ్మని చూశాడు. బుగ్గల్లో కుక్కుకుని పారిపోయే రకం. నాగరత్నం మొదలుపెడితే ఆపదేమో. కొమ్మ మీద అలివేలు కనబడింది. గుప్పెడంత పిట్ట, దానికెంత పడుతుంది?

"అమ్మాయ్, నువ్వు రా."

అలివేలు దిగింది. ఎర్రటి ముక్క ఒకటి తీసుకుని నింపాదిగా తింది. ఇంకొకటి తింది. ఆకు అంచున పడున్న మిరపగింజలు కూడా ఏరుకుని పటపట నమిలింది. కంట నీటిచుక్క లేదు.

"కొంచెం తీపెక్కువైందండీ" అంది.

జంబులయ్యకి ప్రాణం లేచొచ్చింది. ఇంకో ముక్క అది తీసుకుంటుందేమోనని ఆకు తనవైపు లాక్కున్నాడు. నమిలితే ఆలస్యమని, ఎక్కడ పంచాల్సొస్తుందోనని, ఉన్నదంతా గబగబా మింగేశాడు.

ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత "హా!" అన్నాడు. తర్వాత "హాహాహా!" అంటూ గుండ్రంగా తిరిగాడు. నాలుక మట్టికేసి రాసుకున్నాడు. కళ్ళు రుద్దుకున్నాడు, ఆ కారం చేత్తోనే! దాంతో కళ్ళూ పోయాయి. "విషం! నాకు విషం పెట్టారు!" అని గావుకేక పెట్టాడు.

"విషమైతే ముందు తిన్న చిలక బాగానే ఉందిగా" అన్నాడు కోటయ్య.

"మా జాతికి కారం అంటదులెండి. పుట్టినప్పట్నించీ మిరపకాయలు తిని బతికాం. మీకు తెలియదా?" అంది అలివేలు, ఈక సర్దుకుంటూ.

జంబులయ్య ఏటివైపు పరిగెత్తబోయాడు. కోటయ్య కొమ్ములు వంచి దారికడ్డంగా నిలబడ్డాడు. "రుచి చెప్పి కదులు. బాగుందా? అయితే ఇంకా కారముంది, కలిపి పెడతాం. బాగోలేదా? బాగోలేదని తెలియడానికి ఒక్క ముక్క చాలదా, ఆకంతా ఎందుకు మింగావు? చెప్పు!"

నక్క ఏడ్చాడు. "నాకీ పని వద్దు బాబోయ్! మీ తిండి మీరే తినండి!"

"ఆ ముక్క పిల్లలకి వినబడేలా చెప్పు."

చెప్పాడు, గొంతు చించుకుని. కోటయ్య పక్కకి తప్పుకున్నాడు. వాడు ఏట్లో పడి నీళ్ళు తాగుతూనే ఉన్నాడు, నీళ్ళు తాగినకొద్దీ మంట నోరంతా పాకుతూనే ఉంది. నాకేం జాలి లేదు.

పిచ్చెమ్మ గడ్డికింద ఆకు తీసుకొచ్చి పెట్టింది. నాగరత్నం ఒక ముక్క నోట్లో వేసుకుంది. పులుపూ కారం తగిలి ముక్కు చీదింది, చెవులు ఆడించింది, రెండో ముక్క అందుకుంది. ఆకు ఖాళీ చేశాక తానే లేచి పచ్చిగడ్డి దాకా నడిచింది. పొద్దుగూకే వేళకి పిల్లలిద్దరూ పొదుగు పట్టుకుని, మూతులకి పాలనురగ అంటించుకుని అక్కడే నిద్రపోయారు.

అందుకే చెబుతున్నాను: మీ మేలు కోసమే తింటున్నానని ఎవడన్నా అంటే, ముందు వాడి పొట్ట చూడండి.