హోదాకి తగ్గ ముల్లు

ఉద్దండరాయుడికి ఉన్నట్టుండి చేపలు పట్టాలని బుద్ధి పుట్టింది. పడవెక్కితే కడుపులో తిప్పుతుంది కనక ఒడ్డునే నిలబడి, కెరటాల్లోకి గాలం విసిరి, తన చేత్తో తనే ఓ పండుగప్పను లాగాలి. పొరుగు రాజు లాగాడట. రాజులకు అంతకంటే కారణం అక్కర్లేదు.

"గాలానికి ఎంత ముల్లు కట్టాలి?" అని సభలో అడిగాడు.

సముద్రం పక్కనే ఉన్న రాజ్యం. ఏ జాలరిని పిలిచినా చెప్పేవాడు. కానీ సభలో ప్రశ్న వేస్తే జవాబూ సభలోనే పుట్టాలి కదా! పండితుడు పెద్దిభట్టు లేచాడు. ఆయన బిరుదు శాస్త్రసాగరుడు. అసలు సాగరంలో మాత్రం పాదం తడిపి ఎరగడు.

"ప్రభూ, ముల్లు హోదాను బట్టి ఉండాలి. ఏలినవారికి మూరెడు, మంత్రికి జానెడు, దండనాయకుడికి బెత్తెడు. ఇది శాస్త్రం."

ఏ శాస్త్రమని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. కమ్మరి మూరెడు ముల్లు వంచాడు. కంసాలి దానికి బంగారు పూత పూశాడు.

నాలుగు రోజులు రాజు మోకాలి లోతు కెరటాల్లో నిలబడ్డాడు. గాలానికి నాచు పడింది. ఎవరిదో పాత చెప్పు పడింది. ముల్లుకు ఎరగా గుచ్చిన రొయ్యలు మాత్రం ప్రతిసారీ మాయమయ్యాయి. కాస్త దూరంలో జాలర్లు వేలెడు కూడా లేని ముళ్ళతో బుట్టలు నింపుకుంటున్నారు. రాజు చూపు అటు తిరగ్గానే పెద్దిభట్టు అడ్డొచ్చాడు.

"తప్పు మీ ముల్లుది కాదు ప్రభూ! వీళ్ళ చిన్న ముళ్ళకు అలవాటు పడి చేపలు మర్యాద మరిచిపోయాయి. ఆ ముళ్ళు జప్తు చేయించండి."

చేయించాడు. భటులు పల్లెలో ఇల్లిల్లూ వెతికి ఉన్న ముళ్ళన్నీ మూటగట్టారు. అయినా రాజుకు చేప పడలేదు. కానీ ఇప్పుడు ఎవరికీ పడటం లేదు కనక పరువు నిలిచింది.

రాజుగారికి తమలపాకు చిలకలు చుట్టి అందించే నూకాలు ఆ పల్లె ఆడపడుచే. ముళ్ళు జప్తయిన మూడో నాడు ఆమె అన్న ఎర్రయ్య కోట పెరటి గుమ్మం దగ్గరకు వచ్చాడు.

"పొయ్యి ఎలిగి మూడ్రోజులైనాదే సెల్లీ. పిల్లలు గంజికి ఏడుత్తన్నారు. మన ముళ్ళు మనకిప్పించమని మారాజుకి సెప్పలేవేటే?"

నూకాలుకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.

"నాను సెప్తే ఇంటారేటన్నా? ఆ బట్టుగోరి నోటితోనే సెప్పిత్తాను, సూడు."

మర్నాడు సభ తీరింది. చేపలకు మర్యాద నేర్పుతున్నందుకు పెద్దిభట్టుకు సన్మానం. శాలువా కప్పారు. ఇక రాజు చేతి తాంబూలం. అదంటే మాటలా! వద్దనకూడదు, ఇంటికి పట్టుకుపోకూడదు, నిలబడ్డ చోటే ఒక్కసారిగా నోట పెట్టుకోవాలి. లేకపోతే రాజును ధిక్కరించినట్టే.

"నూకాలూ, చిలక!" అన్నాడు రాజు.

నూకాలు వెండి పళ్ళెం తెచ్చి పైన కప్పిన గుడ్డ తీసింది. సభంతా మెడలు సాచింది. పళ్ళెంలో కొబ్బరికాయంత చిలక! యాభై ఆకులు, దోసెడు వక్కలు, గరిటెడు సున్నం, ఊడిపోకుండా చుట్టూ గుచ్చిన లవంగాలు.

"ఇదేమిటే?"

"అయ్యగారి శాస్త్రమే మారాజా. మామూలు వాళ్ళకు మామూలు చిలక. శాస్త్రసాగరులకు హోదాకి తగ్గ చిలక."

పెద్దిభట్టు ముందు పొంగిపోయాడు. అందరికంటే పెద్దది తనకే కదా! రాజు రెండు చేతులా ఎత్తి ఇచ్చాడు. ఆయన రెండు చేతులా పట్టుకుని నోరు తెరిచాడు. ఇంకా తెరిచాడు. దవడ కటుక్కుమంది. ఇటు తిప్పి చూశాడు, అటు తిప్పి చూశాడు. చివరికి సిగ్గు విడిచి అంచులు కొరకడం మొదలుపెట్టాడు.

"కొరక్కూడదు అయ్యగారూ," అంది నూకాలు ఎంతో వినయంగా. "రాజుగారి తాంబూలం. ఒక్కసారే నోట్లో పెట్టుకోవాలి."

లవంగం పెదవికి గుచ్చుకుంది. కొత్త శాలువా మీద ఎర్రటి రసం కారింది. పెద్దిభట్టుకు ఓపిక పోయింది.

"ప్రభూ, నా వల్ల కాదు! చిలక నోటిని బట్టి చుట్టాలి గానీ, హోదాను బట్టి చుడతారా ఎక్కడైనా?"

నూకాలు రాజు వైపు తిరిగి చేతులు జోడించింది.

"సముద్రంలో చేప కూడా ఇన్నాళ్ళుగా ఇదే మొర పెట్టుకుంటోంది, మారాజా!"

రాజు పెద్దిభట్టును చూశాడు. అంచులు కొరికిన చిలకను చూశాడు. రోజూ మాయమైన రొయ్యలు గుర్తొచ్చాయి.

"ఓహో! చేప ఎర అంచులు కొరుక్కుని పోయింది అందుకన్నమాట!" అని పడీ పడీ నవ్వాడు. రాజు నవ్వాడో లేదో చూసుకుని సభ కూడా నవ్వింది.

"మరి పండుగప్పకు ఎంత ముల్లు కట్టాలే?"

"దాని నోట్లో ఇమిడేంత, అది గుంజితే వంగనంత. ఆ కొలత మాత్రం నాకూ తెలీదు మారాజా, మా అన్నను అడగాలి. అడగాలంటే ముందు ఆయన చేతిలో ముల్లుండాలి."

"ముళ్ళన్నీ ఈ పూటే పల్లెకు చేరాలి. మూట మోసేది పెద్దిభట్టు!" అన్నాడు రాజు.

తర్వాత నూకాలు తాంబూలం పెట్టెలోంచి ఓ ఆకు తీసుకున్నాడు. ఎన్నడూ చుట్టి ఎరగని చేతులు. సున్నం వేళ్ళకంటింది, వక్కలు జారి కింద పడ్డాయి. ఎలాగో ఓ వంకర చిలక చుట్టి నూకాలు ముందుకు చాపాడు. పన్నెండేళ్ళుగా సభకు చిలకలు అందించిన మనిషికి అందులో ఒక్కటి దక్కడం అదే మొదలు. ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి.

"చూసుకో నూకాలూ, నోటికి సరిపోయిందా?"

ఆమె బుగ్గన పెట్టుకుని తలూపింది. ఆ పైన వెండి పళ్ళెం చంకన పెట్టుకుని, మూటెత్తుకున్న పెద్దిభట్టుకు పల్లె దారి చూపిస్తూ ముందు నడిచింది.