చెవులమ్మ గంట

ఆదెమ్మ దొడ్లో తన కూతతోనే తెల్లవారుతుందని పుంజు డేగయ్య చెప్పుకుంటాడు. అబద్ధం. అక్కడ తెల్లవారేది మేక చెవులమ్మ మెడలో గంటతో.

లేవగానే చెవులమ్మ ముసలి కుక్క మచ్చమ్మ దగ్గరికి వెళ్లి మెడ ఊపుతుంది. మచ్చమ్మకు పద్నాలుగేళ్లు. రెండు కళ్లకూ తెల్లపొర కమ్మింది. వెనక కాళ్లు సగం మాట వినవు. ఉచ్చ పట్టు తప్పింది. గంట గణగణమంటే ఆ చప్పుడు పట్టుకుని లేస్తుంది, ఆ చప్పుడు వెనకే నీళ్లతొట్టి దాకా నడుస్తుంది. ఆదెమ్మ మెత్తటి సంకటి ముద్దలో మందుబిళ్ల దాచి పెడుతుంది. నల్లకోడిపెట్ట మచ్చమ్మ చెవుల్లో పిడుదులు ఏరుతుంది. తడిసిన గడ్డి తోసేసి పొడిగడ్డి లాగడం చెవులమ్మ వంతు.

డేగయ్య మాత్రం గోడెక్కి, "మనమంతా ఒక కుటుంబం! పెద్దలంటే మనకు ప్రాణం!" అని ఉపన్యసిస్తాడు. చేసేవాళ్లకు ఒళ్లు హూనం, చెప్పేవాడికి నోటినిండా ప్రేమ.

ఒకరోజు ఆదెమ్మ పెరట్లో బట్టలుతుకుతుండగా డేగయ్య గోడ దిగి వచ్చాడు.

"చెవులమ్మా, మచ్చమ్మ సంగతి తేల్చేశాం."

"ఎవరు తేల్చింది?"

"నేనూ, నక్కబావా."

కంచె అవతల నక్క వినయంగా తల వంచాడు. "దణ్ణం చెల్లెమ్మా. వాగవతల ముసలి జీవాలకు చల్లటి నీడ ఉంది. నేనే దగ్గరుండి దింపి వస్తాను. ఏదో, పుణ్యం."

చెవులమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మీ పుణ్యం పాడుగాను! డేగయ్యా, మచ్చమ్మత్త ఎడమ చెవి ఎందుకు చీలిందో మరిచిపోయావా? నీ మెడ ఈ బావగారి నోట్లో ఉన్నప్పుడు, విడిపించబోయి చీలింది."

"అవన్నీ పాత కథలు. ఇప్పుడు చూడదు, పరుగెత్తదు, దొడ్డంతా కంపు. నీ కష్టం చూడలేకే చెబుతున్నా."

"నా కష్టం! ఒక్కనాడు గడ్డి మార్చావా? ఒక్క పిడుదు ఏరావా?"

"పిడుదులేరడం మగవాడి పనా?"

"కాదులే. అత్త పడుకునే, పొయ్యి బూడిద పోసిన వెచ్చటి మూల కోసం ముసలిదాన్ని గెంటడం మగవాడి పని."

నల్లపెట్ట కిసుక్కుమంది. డేగయ్య జుట్టు మరింత ఎర్రబడింది. "ఆడవాళ్లతో మాటలేంటి? కంచె తడిక తీసేశాను. అయిపోయింది."

చెవులమ్మ మళ్లీ అరవబోయి ఆగింది. గాలి దొడ్లోంచి కంచె వైపు వీస్తోంది. నక్క ఏరికోరి, తన వాసన లోపలికి రాని ఆ పక్కనే నిలబడ్డాడు. అంటే వీడికి భయం మచ్చమ్మ కళ్లంటే కాదు, ముక్కంటే! ఆ ముక్కు వాగు దాటితే మధ్యాహ్నానికి దొడ్లో ఒక్క కోడి మిగలదు. పోనీ ఇవాళ అరిచి తరిమితే రేపు మళ్లీ వస్తాడు. డేగయ్య మళ్లీ తడిక తీస్తాడు.

"సరే అన్నయ్యా," అంది చెవులమ్మ నక్కతో, గొంతు తగ్గించి. "తీసుకెళ్లు. కానీ అత్త ఈ గంట వెనక తప్ప అడుగు వేయదు. వాగు దాకా నడిపించాలంటే నీ మెడలో ఉండాలి."

"నువ్వే ముందు నడవొచ్చుగా?"

"నేనొస్తే పుణ్యం సగం నాకు పోతుంది మరి."

పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలని ఎలుకలు ఇంకా సభలు పెట్టుకుంటూనే ఉన్నాయి. ఇక్కడ నక్క తనే మెడ చాచాడు. తుమ్మకొమ్మ మీది గిజిగాడు దిగి, చెవులమ్మ మెడతాడు విప్పి నక్క మెడకు బిగించాడు. ఆ చుట్టుపక్కల నోరు మూసుకుని పని చేసే మగవాడు వాడొక్కడే. గూళ్లు అల్లే గిజిగాడి ముడి విప్పడం ఎవరి తరం?

నక్క మెల్లగా లోపలికి వచ్చి మెడ ఊపాడు. గణగణ.

మచ్చమ్మ ముందుకాళ్లు ఆనించి, వెనక కాళ్లు ఈడ్చుకుంటూ లేచింది. రెండడుగులు వేసింది. ఇంకో అడుగు. అక్కడ మచ్చమ్మ ఆగి, ముక్కు పైకెత్తింది.

"చప్పుడు మా చెవులమ్మది," అంది మచ్చమ్మ. "వాసన నక్కది."

ఆ తర్వాత వచ్చిన మొరుగుకు దొడ్డి అదిరింది. ఆదెమ్మ తడిచేతులతోనే దుడ్డుకర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. వీపు మీద ఒక్కటి పడగానే నక్క కంచె దూకి అడవిలో పడ్డాడు. గంట వెంటే ఉంది. ఎటు పరుగెత్తినా గణగణ. ఎలుకలు కలుగుల్లో దూరాయి, కుందేళ్లు పొదలు మార్చాయి. వేటాడి తిన్న నోరు ఇప్పుడు రాలిన రేగుపళ్లు ఏరుకుంటోంది. కోళ్లకు మాత్రం వాడు వాగు దిగేటప్పుడే కబురు అందుతోంది.

ఆ రోజు నక్క పారిపోగానే దొడ్లో డేగయ్య గొంతు సవరించుకున్నాడు. "చూశారా, మన కుటుంబం ఐకమత్యం..."

"ఆపు," అంది చెవులమ్మ కొమ్ములు వంచి. "అత్తకు గంట పోయింది. పోయింది నీ వల్ల. ఇకనుంచి గంటవు నువ్వే. అంత గొంతు ఉందిగా, తొట్టి దాకా కూస్తూ ముందు నడు."

"నేనా? నలుగురూ నవ్వరూ?"

"నవ్వనీ. ఊఁ, కూయి!"

డేగయ్య తల వేలాడేసి కూశాడు. మచ్చమ్మ ఆ కూత వెనకే అడుగులో అడుగు వేసుకుంటూ నీళ్లతొట్టికి నడిచింది. ఆ గోడ మీద మళ్లీ ఉపన్యాసం వినపడలేదు.

నీతి: ముసలిప్రాణం భారమని తేల్చడానికి వచ్చేవాడి మెడకే ముందు ఆ గంట కట్టాలి.